నయన కొడుకు

ఆగస్టు 28, గురువారం

నయనకు కొడుకు పుట్టాడు. నాకు పొద్దుటి నుంచి తలనొప్పి.

ఆగస్టు 31, ఆదివారం

స్వీటు డబ్బాలు పంచే డ్యూటీ నాకే పడింది. లాల్‌గడి మలక్‌పేట్‌లో మా మామయ్య ప్లాటు అమ్మని ఇల్లు లేదు కాబట్టి ఏ ఇల్లూ వదలడానికి లేదు. ప్రతి ఇంట్లో డబ్బా తీసుకున్నారు, ఒకసారి నా పొట్ట వైపు చూశారు, ఏమీ అడగలేదు. ఇదివరకు అడిగేవాళ్ళు. తొమ్మిదేళ్ళు అడిగి వాళ్ళకే విసుగొచ్చినట్టుంది. అడిగినప్పుడే నయం, కనీసం కోపం తెచ్చుకోవడానికి వీలుండేది.

నయన నా తోడికోడలు. మా మరిది అన్వేష్ భార్య. పెళ్ళై ఏడాదిన్నర కాలేదు. నేనూ నవీన్ రెండుసార్లు ఐవీఎఫ్ చేయించుకుని, ఇక చాలనుకున్నాం. చాలని నవీన్ అన్నాడు. నేను తలూపాను.

సెప్టెంబర్ 4, గురువారం

తొలి కాన్పు పుట్టింట్లో కదా జరగాలి. నయనకు తల్లి లేదు. కౌకూర్‌లో తండ్రి ఒక్కడే ఉంటాడు. అందుకని బాలింత మా ఇంట్లోనే, పథ్యం వంట నా చేతుల్లోనే. వెల్లుల్లి కారం నూరడం, వేడి నీళ్ళు కాచడం, సాంబ్రాణి వెయ్యడం అన్నీ నేనే. తల్లి లేని పిల్ల కదా అని జాలిపడదామని చూస్తాను. ఒక్కోసారి కుదురుతుంది.

దండెం నిండా వాడి బట్టలే. అరచేయంత చొక్కాలు. ఆరేసిన నా చీరను పక్కకు నెట్టేసి వాటికి చోటు చేసింది ఎవరో. బహుశా నేనే.

సెప్టెంబర్ 14, ఆదివారం

మేడ్చల్ పోయి పిల్లాడి కాళ్ళకు వెండి కడియాలు తెచ్చాను. పసివాడికి ఇంత బరువెందుకమ్మా, సన్నవి తీసుకోండని షాపతను ఒకటికి రెండుసార్లు చెప్పాడు. సన్నవి ఎవరైనా తెస్తారు. నయన పిన్ని బంగారు గొలుసు తెస్తోందట. ఫంక్షన్‌లో చూపులన్నీ ఆ గొలుసు మీదే ఉంటే నేనెందుకు పోయినట్టు?

సెప్టెంబర్ 17, బుధవారం

ఇరవై ఒకటో రోజు. తొట్టెల ఫంక్షన్ అయింది. పేరు రుద్రాంశ్. స్నానం పోసే యాదవ్వకు నోరు తిరగక చిన్నోడు అంటోంది. నేనూ అదే అంటాను, ఆ పేరుకు నాక్కూడా నోరు తిరగదు.

కడియాలు నేనే తొడిగాను. అందరూ చూశారు. మస్తుగున్నయని ఇద్దరు ముగ్గురు అన్నారు. ఆ నిమిషం దాకా బాగానే ఉంది.

తర్వాత తొట్టెలో వెయ్యాలి. ఒకరు పిల్లాణ్ణి తొట్టె కింద నుంచి ఇస్తే ఇంకొకరు అందుకోవాలి. పెద్దమ్మను నేనే కదా అని ముందుకు జరిగాను. అత్తమ్మ చెల్లెలు శోభారాణి, ముందుగాల పిల్లలున్నోళ్ళు పట్టుకోవాలని అంది. నా మొహం చూడకుండా అంది. అత్తమ్మ కూడా నా మొహం చూడలేదు. బగారా అన్నం సరిపోతుందో లేదో ఒకసారి చూసి రమ్మంది. అక్కడ కేటరింగ్ వాళ్ళు పదిమంది ఉన్నారు.

పోయి చూశాను. సరిపోయేలా ఉంది.

సెప్టెంబర్ 18, ఉదయం 6

నేను మంచిదాన్ని కాదు. సరే.

సెప్టెంబర్ 25, గురువారం

ఇవాళ యాదవ్వ స్నానం పోసి తుడుస్తూ, చిన్నోని కాళ్ళు సల్లగున్నయని అంది. అత్తమ్మ ముట్టుకుని చూసింది. నిజమే, చల్లగా, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కడియాలు బరువై పట్టేశాయి, నెత్తురు పోతలేదని యాదవ్వ తేల్చేసింది. చుట్టూ ఉన్న వాళ్ళందరికీ వెంటనే అర్థమైపోయింది. అత్తమ్మ కడియాలు తీసి, చేతిరుమాలులో చుట్టి, నా చేతిలో పెట్టింది. నయన సాక్స్ వేసింది.

ఆ కడియాల్లో నా వేలు దూరుతుంది. తొడిగిన రోజే దూర్చి చూశాను. చెబుదామనుకున్నాను. చెబితే వాదన అవుతుంది.

సెప్టెంబర్ 27, శనివారం

పిల్లాడు సరిగ్గా పాలు తాగడం లేదని శోభారాణి వచ్చి దిష్టి తీసింది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. ఒక్కరికి కూడా దగ్గు రాలేదు. అంటే చాలా పెద్ద దిష్టి. ఎవరూ నా వైపు చూడకుండా ఉండటానికి పాపం చాలా కష్టపడ్డారు.

అవి నిరుడు మిరపకాయలు. డబ్బా అడుగున మెత్తబడి పడున్నవి. వంటిల్లు చూసుకునేది నేను, నాకు తెలియదా?

కానీ ఇక్కడ అబద్ధం ఎందుకు రాయడం. వాణ్ణి చూసినప్పుడల్లా నాకు లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసు. దిష్టి అనేది నిజంగా ఉంటే అది నాదే. నాకంటే గట్టిగా ఎవరు పెడతారు?

సెప్టెంబర్ 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ. అందరూ ఆటకు పోయారు. నడుం నొప్పని నేను ఇంట్లో ఉండిపోయాను. నయన నిద్రపోతోంది. మెల్లగా గదిలోకి పోయి చిన్నోడి సాక్స్ తీశాను.

చల్లగా ఉన్నాయి. కడియాలు తీసేసి ఎన్ని రోజులైంది! ఇంకా చల్లగానే ఉన్నాయి.

నాకు సంతోషం వేసింది. వేరే మాట దొరకడం లేదు, సంతోషమే. నా కడియాల తప్పు కాదు. పాదం పట్టుకుని అలాగే కూర్చున్నాను, లేచి బతుకమ్మ దగ్గరికి పరిగెత్తి అందరికీ చెప్పాలనిపించింది.

తర్వాత చేతులు పట్టుకుని చూశాను. వెచ్చగా ఉన్నాయి. చేతులు వెచ్చగా ఉండి కాళ్ళు చల్లగా ఎందుకుంటాయి? అప్పుడు వాణ్ణి సరిగ్గా చూశాను. ఫ్యాన్ కింద పడుకున్నవాడికి నుదుటి మీద చెమట. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి. ఇంతలో నయన లేచి పాలిచ్చింది. నాలుగు గుక్కలు తాగాడు, అలిసిపోయాడు, వదిలేశాడు. ఏడవడానికి మొహం పెట్టాడు కానీ ఓపిక చాలక నిద్రపోయాడు.

సంతోషం అక్కడికి అయిపోయింది.

అక్టోబర్ 2, గురువారం

దసరా. కడియాలు తీసినా కాళ్ళు చల్లగానే ఉన్నాయని అత్తమ్మకు చెప్పాను. చెప్పింది నా కోసమే, పిల్లాడి కోసం కాదు. పసిపిల్లలకు అట్లనే ఉంటదని, ఏసీ బంద్ చేయమని అంది. ఏసీ ఆపేసి వారం దాటింది.

అప్పుడు నయన దగ్గరికి పోయాను. పాలు తాగుతుంటే ఆయాసపడుతున్నాడు, చెమటలు పడుతున్నాయి, ఒళ్ళు కూడా చెయ్యలేదు, ఒకసారి డాక్టర్‌కు చూపిద్దామన్నాను. ఇది మాత్రం పిల్లాడి కోసమే అన్నాను. ఎక్కువ భాగం.

ఆమె తలెత్తి చూసింది.

“నీకేం తెలుసక్కా? నువ్వేమన్న పిల్లల్ని పెంచినవా?”

గుమ్మంలో అత్తమ్మ ఉంది. వినబడనట్టు వెళ్ళిపోయింది.

సాయంత్రం జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుని అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకున్నాం. నయనా, నేనూ కూడా.

అక్టోబర్ 3

నాకేం తెలుసు.

అక్టోబర్ 5, ఆదివారం

వాళ్ళ కొడుకు. వాళ్ళిష్టం. నయన అన్నం పళ్ళెం కూడా యాదవ్వ చేత పంపాను.

అక్టోబర్ 6, మధ్యాహ్నం 3

యాదవ్వ వాము మూట వెచ్చజేసి వాడి పాదాలకు కాపడం పెడుతోంది. మంచి వాసన. ఇల్లంతా నిశ్చింతగా ఉంది.

నేను ఫోన్‌లో వెతికాను. సాక్స్ వెయ్యండని ఒక దాంట్లో ఉంది. ఇంకో దాంట్లో గుండె అని ఉంది. ఫోన్ పక్కన పెట్టేశాను. నిజంగా గుండే అయితే నా పని అయిపోయినట్టే. కడియాల దాకా అయితే సరదాగా చెప్పుకుని మర్చిపోతారు. గుండెకు దిష్టి తగిలిందంటే జన్మలో మర్చిపోరు.

నోరు మూసుకుని కూర్చుంటే నామీదికి ఏమీ రాదు.

డొక్కలు అలా ఎగురుతుంటే నేనెట్లా కూర్చోను?

నెలన్నర టీకా ఉంది కదా. దానికి ఎవరూ వద్దనరు.

అక్టోబర్ 8, బుధవారం, సాయంత్రం 5

హాస్పిటల్ కారిడార్‌లో రాస్తున్నాను.

పొద్దున టీకా ఇవాళే వేయించి రమ్మని అత్తమ్మ చెప్పిందని నయనతో అన్నాను. నయన అడుగుతోందని అత్తమ్మతో అన్నాను. ఇద్దరూ నమ్మారు. కారు నేనే నడిపాను. మేడ్చల్ దాకా స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నయన వాణ్ణి గుండెకు అదుముకోవడం అద్దంలో కనిపించింది. నేను బ్రేకర్ల మీద ఇంకా మెల్లగా పోయాను.

పిల్లల డాక్టరమ్మ టీకా ముందు బట్టలు విప్పి చూస్తానంది. గజ్జల్లో రెండు పక్కలా నాడి కోసం వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత బీపీ పట్టీ చేతికి కట్టింది, కాలికి కట్టింది, మళ్ళీ చేతికి కట్టింది. టీకా ఇవాళ వద్దంది. అంబులెన్స్‌కు ఆమే ఫోన్ చేసింది. నేను నయన చెయ్యి పట్టుకున్నాను, ఆమె విదిలించుకోలేదు.

సిటీలో పెద్ద హాస్పిటల్‌కు వచ్చాం. ఎకో తీశారు. ఇంటి నుంచి అందరూ వచ్చేశారు. ఇక్కడి డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం తలకూ చేతులకూ కొమ్మలిచ్చి కిందికి వంగుతుంది. ఆ వంపు దగ్గర పుట్టుకతోనే సన్నగా నొక్కుకుపోయిందట. కోఆర్క్‌టేషన్ అంటారట. పైభాగానికి రక్తం దండిగా పోతోంది, కింది భాగానికి పోవడం లేదు. ముక్కి ముక్కి గుండె అలిసిపోయింది. పుట్టిన కొత్తలో పక్కన ఒక చిన్న దారి తెరుచుకుని ఉంటుంది, దానివల్ల అప్పుడు బయటపడలేదు. అది మూసుకుపోయాక మొదలైంది ఇదంతా.

మామయ్య బొమ్మను తన వైపు తిప్పుకుని చూశాడు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

“మన వెంచర్ల గట్లనే అయితది డాక్టర్‌సాబ్. ముందు ప్లాట్లకు నీళ్ళు దుంకుతయి, ఎనక ప్లాట్లకు సుక్క రాదు. నడుమ పైపు నొక్కుకపోయింది.”

అదేనన్నాడు డాక్టర్. మందులతో గుండెకు కాస్త బలం రానిచ్చి, ఆ నొక్కుకుపోయిన ముక్క కోసేసి, రెండు కొసలూ కలిపి కుడతారట. వారం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని కూడా అన్నాడు.

నేను ఒకటే అడిగాను. కాళ్ళకు ఏమైనా తొడిగితే ఇలా అవుతుందా? కాదన్నాడు. తల్లి కడుపులో ఉన్నప్పుడే వచ్చిందన్నాడు. ఎవరైనా మనసులో ఏమైనా అనుకుంటే? డాక్టర్ నన్ను విచిత్రంగా చూశాడు. శోభారాణి ఆ మాట వినాల్సింది, ఆమె రాలేదు.

ఆయాసానికి పాలు పట్టొద్దన్నారు. పాలు ఆగవు కదా. నయన జాకెట్టు తడిసిపోయి ఉంది, కొంగు కప్పుకోవడం కూడా ఆమెకు గుర్తు లేదు. నేనే కప్పాను. ఆ తడి చూసి కూడా కుళ్ళుకున్నాను. ఆ టైంలో కూడా.

అక్టోబర్ 10, ఉదయం 8

లోపలికి తీసుకెళ్ళారు. అరచేయంత చొక్కా నా చేతికిచ్చి పోయారు.

మధ్యాహ్నం 12.30

అయింది. బాగా అయిందట.

సాయంత్రం

సర్జన్ వచ్చాడు. ఎడమ పక్క, వీపు మీద రెక్క కింద కోసి చేశారట. కాళ్ళలో నాడి కొట్టుకుంటోందని చెప్పాడు. తర్వాత, కాళ్ళు చల్లగా ఉన్నాయని ముందు కనిపెట్టింది ఎవరని అడిగాడు. సాక్స్ వేసి వదిలేస్తారు, చాలామంది చూసుకోరు అన్నాడు.

“నేనే సార్,” అంది నయన.

నేను ఆమె పక్కనే ఉన్నాను. నా చేతిలో ఫ్లాస్కు ఉంది.

అక్టోబర్ 11

నేనే సార్ అంది.

అక్టోబర్ 14, మంగళవారం

అత్తమ్మ ఫోన్లో ఊరందరికీ చెబుతోంది. తల్లి కదా, తల్లికి తెలువకుంట ఉంటదా, టీకా అని చెప్పి తీస్కపోయింది, దాని తెలివికి మొక్కాలె. అలియాబాద్ వాళ్ళకు చెప్పింది, కౌకూర్ వాళ్ళకు చెప్పింది, శోభారాణికి రెండుసార్లు చెప్పింది. దసరా నాడు తనకు చెప్పింది నేనే. మర్చిపోయిందా? మర్చిపోవడమే ఇంటికి మంచిదనుకుందా?

నవీన్‌తో చెప్పుకున్నాను. తృప్తీ, పిల్లాడు బతికిండు కదా, ఇంకేం కావాలన్నాడు. పిల్లాడు బతికాడు. ఆ సంగతి నాకు తెలియదా? రోజూ ఆ ఐసీయూ అద్దానికి మొహం ఆనించి నిలబడేది ఎవరు?

ఆమెకు కొడుకున్నాడు. పాలున్నాయి. వాడి పక్కన కూర్చోవడానికి మదర్ అని రాసిన పాస్ మెడలో ఉంది. నేను ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఒక్క పని చేశాను. అది కూడా తీసేసుకుంది.

అక్టోబర్ 16, గురువారం

చిన్నోణ్ణి వార్డుకు మార్చారు. అన్నం తీసుకుని పోయాను. నయన తింటుంటే ఎదురుగా కూర్చుని అడిగేశాను. ఎందుకట్లా అన్నావని.

ముద్ద కంచంలో పెట్టేసింది. దబాయిస్తుందనుకున్నాను. అందుకు కావలసిన మాటలన్నీ దారిలో తయారు చేసుకున్నాను, ఒక్కటీ పనికి రాలేదు.

“అబద్ధమే ఆడిన అక్కా. ఏం జెయ్యాలె? కన్నదాన్ని నేను. దినాం ఒళ్ళె పండుకోబెట్టుకొని పాలిచ్చిన, వాని కాళ్ళు సల్లగున్నయని నాకు తెల్వలె. తెలిసి నువ్వు జెప్తే నిన్నే అన్న. రేపు వాడు పెద్దగై అడిగితె నేనేం జెప్పాలె? గిదొక్కటి నాకియ్యి. నిన్ను జూస్తె కడుపుల మండుతాంది నాకు. నువ్వు కాపాడినవు, నేను ఉత్తగ కన్న.”

నన్ను చూసి ఒకరికి కడుపు మండటం!

నా జీవితంలో ఇదే మొదటిసారి. నయన కళ్ళు తుడుచుకుంటోంది. ఓదార్చాల్సింది పోయి నేను కాసేపు కదలకుండా కూర్చున్నాను. ఎంత బాగుందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇంకాసేపు మండనిద్దామా అనిపించింది.

అయినా ఉత్తపుణ్యానికి ఇవ్వడానికి నేను దేవతను కాను.

“ఇస్త. ఇంటికి పోయినంక వానికి తానం నేనే పోస్త. దినాం.”

మరి యాదవ్వ, అంది. బట్టలుతుకుతుందిలే అన్నాను. నయన ఆలోచించింది. పిల్లాడి వైపు చూసింది, నా వైపు చూసింది. చాలా ఎక్కువ అడిగానని ఇద్దరికీ తెలుసు. చివరికి తలూపింది.

ఈ ఇంట్లో బేరాలు భూములకే జరుగుతాయనుకున్నాను.

అక్టోబర్ 20, దీపావళి

నిన్న ఇంటికి వచ్చాం. పిల్లాడు ఉలిక్కిపడతాడని మామయ్య గల్లీలో ఇంటింటికీ తిరిగి పటాకులు కాల్చొద్దని చెప్పొచ్చాడు. కాల్చలేదు ఎవరూ.

కుట్టు బాగా మానేదాకా నీళ్ళు పొయ్యొద్దు, తడిగుడ్డతో తుడవాలి. ఎక్కువ ఏడవనివ్వొద్దు, బీపీ పెరుగుతుంది. కొంచెం ముక్కితే చాలు, నలుగురం పరిగెత్తుతున్నాం. నయన ఎత్తుకోగానే ఊరుకుంటాడు. అందుకని ఎప్పుడూ నయనే ఎత్తుకుంటుంది. బేరంలో నేను ఇవ్వాల్సింది అప్పుడే ఇచ్చేశాను. నాకు రావాల్సింది ఇంకా రాలేదు.

నవంబర్ 26, బుధవారం

రివ్యూకి పోయాం. బరువు పెరిగాడు. చేతి బీపీ, కాలి బీపీ బాగున్నాయి. కుట్టిన చోట మళ్ళీ సన్నబడొచ్చు కాబట్టి ఏటేటా చూపిస్తూనే ఉండాలట, పెద్దయ్యాక కూడా. ఇక నీళ్ళు పొయ్యొచ్చన్నాడు సర్జన్. ఏడిస్తే ఏడవనివ్వండి, భయం లేదన్నాడు.

సర్జన్ వెంట కుర్ర డాక్టర్లు నలుగురున్నారు. కాళ్ళు చల్లబడటం ఈ తల్లే కనిపెట్టిందని వాళ్ళకు నయనను చూపించాడు. నయన నా వైపు చూసింది. గదిలో అత్తమ్మ కూడా ఉంది. నోరు తెరిస్తే ఒక్క నిమిషం పని.

అవును సార్, మా నయనే అన్నాను.

బయటికి వచ్చాక అత్తమ్మ కార్లో నా పక్కన కూర్చుంది. ఎప్పుడూ వెనక కూర్చునే మనిషి.

నవంబర్ 30, ఆదివారం

ఇవాళ స్నానం పోశాను. కాళ్ళు చాపుకుని, వాటి మీద పడుకోబెట్టుకుని. నన్ను చూశాడు. మొదటి చెంబు పడగానే గుక్కపట్టి, మొహం ఎర్రబడి, ఎంత గట్టిగా ఏడ్చాడంటే మామయ్య గేటు దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చాడు. సబ్బు కడిగేదాకా ఏడ్చి, నయన టవల్లో చుట్టి తీసుకోగానే ఊరుకున్నాడు.

సబ్బు ఇంకా పోలేదని అబద్ధం చెప్పి మళ్ళీ ఇవ్వమన్నాను.